నాన్నగారి వాటర్‌కలర్ చుట్టూ గోధుమరంగు గీత పడింది, బోర్డుకి అతికించి మళ్లీ ఫ్రేమ్ కట్టించవచ్చా?

మీరు అడిగింది ఇదీ: నాన్నగారు వేసిన వాటర్‌కలర్ బొమ్మ పాతికేళ్లుగా ఒకే ఫ్రేమ్‌లో ఉంది. మౌంట్ (బొమ్మ చుట్టూ కిటికీలా కోసి పెట్టే అట్ట) లోపలి అంచు వెంబడి నాలుగు వైపులా గోధుమరంగు గీత పడింది, ఆకాశం వేసిన చోట చిన్న చిన్న మచ్చలు వచ్చాయి, కింది భాగంలో కాగితం అలలు తేలింది. ఫ్రేమ్ కట్టేవాళ్లేమో బొమ్మ మొత్తాన్ని వేడి ప్రెస్‌లో బోర్డుకి అతికించేస్తే సాఫీగా అయిపోతుంది, పైన లామినేషన్ చేస్తే మచ్చలు ఇక పెరగవు అంటున్నారు. చేయించాలా వద్దా అని మీ సందేహం.

వద్దండి. అతికించనివ్వకండి. లామినేషన్ అయితే అసలే వద్దు. ఫ్రేమ్ గట్టిగా ఉంటే అదే ఉంచుకోండి, అద్దం కూడా బాగుంటే అదే వాడుకోవచ్చు. మార్చాల్సిందల్లా లోపల బొమ్మని తాకుతున్నవి: మౌంటు, వెనక కార్డుబోర్డు, టేపులు. అవి తీసేసి మంచి కాటన్ మౌంట్‌బోర్డు పెట్టించి, బొమ్మని పైన రెండే రెండు చిన్న కాగితపు పట్టీలతో వేలాడదీయించండి. మచ్చల జోలికి ప్రస్తుతానికి ఎవరూ పోకూడదు.

నేను 22 ఏళ్లుగా ఫ్రేమ్‌లు కడుతున్నాను, అందులో ఎక్కువ భాగం ఇలా పాత ఫ్రేమ్‌లు విప్పి సరిచేసే పనే. అలవాటు పడ్డాక ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. బొమ్మకి ప్రమాదం ముందు నుంచి వస్తుందనుకుని అందరూ అద్దం గురించి ఆలోచిస్తారు గానీ, నేను విప్పిన ఫ్రేమ్‌లలో ఎక్కువ వాటిలో చెడు వెనక నుంచే మొదలైంది. కంటికి కనపడే ఫ్రేమ్ చెక్క బీడింగ్ మీద బోలెడు ఖర్చు పెట్టి, కనపడని చోట ప్యాకింగ్ అట్టముక్క పెట్టేస్తారు. పాతికేళ్లు బొమ్మ వీపుకి ఆనుకుని ఉండేది ఆ అట్టే.

ముందు ఆ గీత ఎందుకు పడిందో చూద్దాం. మీ మౌంట్‌ని దగ్గరగా చూడండి, కిటికీలా కోసిన లోపలి అంచు ఏటవాలుగా ఉంటుంది కదా, ఆ కోత కొత్తలో తెల్లగా ఉండి ఉంటుంది, ఇప్పుడు పసుప్పచ్చగానో ముదురు గోధుమరంగులోనో ఉంటుంది. చవక మౌంట్‌బోర్డు పైన అందమైన రంగు కాగితం ఉంటుంది, లోపల మాత్రం చెక్క గుజ్జు. 1844లో జర్మనీలో ఫ్రీడ్రిక్ కెల్లర్ చెక్కని రాతి మీద అరగదీసి గుజ్జు తీసే పద్ధతి కనిపెట్టాడు, ఆ తర్వాతే చవక కాగితం ఊపందుకుంది, అంతకుముందు ఐరోపాలో కాగితానికి ప్రధానంగా పాత గుడ్డపీలికలే ఆధారం. చెక్క గుజ్జులో లిగ్నిన్ ఉంటుంది, చెక్కకి గట్టిదనం ఇచ్చేది అదే. అది వెలుతురుకీ గాలికీ పసుపెక్కుతూ ఆమ్లాలు వదులుతుంది, ఆ ఆమ్లం కోసిన అంచు దగ్గర బయటపడి ఆనుకుని ఉన్న కాగితంలోకి దిగుతుంది. కోత ఎక్కడుందో గీత సరిగ్గా అక్కడే పడటానికి కారణం అదే. నాన్నగారు మంచి కాగితం వాడి ఉంటారు, లేకపోతే ఈపాటికి గీత దగ్గర పెళుసెక్కి విరిగేది.

మచ్చల కథ వేరు. వాటిని ఫాక్సింగ్ అంటారు. కాగితంలో ఉండిపోయిన ఇనుము లాంటి లోహపు నలుసులు, కంటికి ఆనని బూజు, ఈ రెండింట్లో ఏది కారణమైనా దాన్ని లేపేది మాత్రం చెమ్మే. గాల్లో తేమ 65, 70 శాతం దాటి అలాగే నిలిచిపోతే బూజుకి పండగే. అందుకే లామినేషన్ చేస్తే మచ్చలు పెరగవు అన్న మాట నేను ఒప్పుకోను. ఆమ్లం, తేమ, బూజు అన్నీ కాగితంలోనే ఉండగా పైన ప్లాస్టిక్ కప్పితే, వాటిని లోపల పెట్టి తాళం వేసినట్టే. పైగా ఆ ప్లాస్టిక్ తీయాలంటే దాంతోపాటు రంగు కూడా ఊడి వస్తుంది.

వేడి ప్రెస్ విషయంలో మాత్రం నా అనుభవం ఒకటి చెప్పాలి. పనిలో చేరిన మూడో ఏడు అనుకుంటా, ఒకావిడ పెన్సిల్‌తో వేసిన రూపచిత్రం తెచ్చింది, వాళ్లమ్మ బొమ్మ. కాగితం కొంచెం వంకర పోయింది, సాఫీగా కావాలంది. నాకు అప్పుడు తెలిసిన మార్గం అదే, ప్రెస్‌లో పెట్టి బోర్డుకి అతికించి ఇచ్చాను. నిజంగానే అద్దంలా వచ్చింది, ఆవిడ చాలా సంతోషించింది. పదకొండేళ్లకి మళ్లీ తెచ్చింది. బోర్డు పసుపెక్కింది, దాంతోపాటు బొమ్మ కూడా, ఎందుకంటే ఇప్పుడా రెండూ ఒకటే. పాత కాగితాలు, బొమ్మలు బాగుచేసే కన్జర్వేటర్‌కి చూపించాం. వెనక బోర్డుని పొరలు పొరలుగా గీకి తీయాలి, చివరి పొర దగ్గర కాగితం చిరగదని మాట ఇవ్వలేను అన్నారు. ఆవిడ వద్దనుకుని తీసుకెళ్లిపోయింది. ఆ రోజు నుంచి ఒక్కటే ఒకటి ఉన్న ఏ బొమ్మనీ నేను అతికించలేదు.

అలాగని అతికించడమే తప్పని కాదు. అచ్చయిన పోస్టరు, మళ్లీ ప్రింటు తీయించుకోగల ఫోటో అయితే హాయిగా ప్రెస్ చేయించుకోండి, నేనూ వారం వారం చేస్తుంటాను. తేడా ఒక్కటే, అది పోతే ఇంకోటి దొరుకుతుందా లేదా.

ఇక ఫ్రేమ్ విప్పడం. మీరే విప్పాలనుకుంటే తొందర లేని రోజు చూసుకోండి. బల్ల మీద మెత్తటి దుప్పటి పరిచి ఫ్రేమ్‌ని బోర్లా పెట్టండి. వెనక అంటించిన కాగితాన్ని బ్లేడుతో అంచుల వెంట కోయండి. చిన్న మేకుల్ని కటింగ్ ప్లేయర్‌తో ఒక్కొక్కటీ నిటారుగా లాగండి, పక్కకి వంచితే అద్దం అంచు పగులుతుంది. వెనక అట్ట ఎత్తేముందు ఆగి ఫోటో తీసుకోండి. అట్ట మీద ఏమైనా రాసుందేమో చూడండి. ఒకసారి నేను విప్పిన ఫ్రేమ్‌లో, పారేయబోయిన అట్ట లోపలి వైపు పెన్సిల్‌తో తేదీ, వాడిన రంగుల పేర్లు, వర్షం వచ్చి మధ్యలో ఆపేశాను అని ఒక వాక్యం కనిపించాయి. ఆ ముక్కని కోసి, ఫ్రేమ్ వెనక విడిగా కవరులో పెట్టి ఇచ్చాను. చిత్రకారుడి కొడుకు అప్పటిదాకా దాన్ని చూడనే లేదు.

అట్ట తీశాక బొమ్మ మౌంట్‌కి ఎలా పట్టి ఉందో కనిపిస్తుంది. మీ బొమ్మ అలలు తేలిందన్నారు కాబట్టి నాలుగు వైపులా టేపు వేసి ఉంటారని నా అంచనా. కాగితం గాల్లో తేమని బట్టి సాగుతుంది, ముడుచుకుంటుంది. నాలుగు వైపులా కట్టేస్తే సాగడానికి చోటు లేక మధ్యలో లేస్తుంది, అంతే. టేపుని పీకకండి. పాత సెల్లోటేపు గమ్ కాగితం పోగుల్లోకి ఇంకిపోయి ఉంటుంది, లాగితే పైపొర లేచి వచ్చేస్తుంది. బొమ్మ అంచుకీ మౌంటుకీ మధ్య టేపుని మాత్రం పదునైన బ్లేడుతో కోసి బొమ్మని విడిపించండి, బొమ్మకి అంటుకున్న ముక్కని అలాగే ఉంచి నిపుణులకి వదిలేయండి. విడిపించిన బొమ్మని శుభ్రమైన కాగితం మీద రెండు రోజులు ఊరికే ఉంచితే, చాలాసార్లు అలలు సగానికి సగం వాటంతట అవే తగ్గిపోతాయి. మిగిలిన కాస్త అలని అలా ఉండనివ్వండి, చేత్తో వేసిన వాటర్‌కలర్‌కి అది సహజం. ఇస్త్రీపెట్టె, తడిగుడ్డ దగ్గరికి కూడా రానివ్వకండి. వాటర్‌కలర్‌ని పట్టి ఉంచేది గమ్ అరబిక్ అనే తుమ్మజాతి చెట్టు బంక, అది ఎన్నేళ్ల తర్వాతైనా నీళ్లు తగిలితే కరుగుతుంది.

ఒక హెచ్చరిక. బొమ్మ అద్దానికి అంటుకుపోయి ఉంటే, ముఖ్యంగా పాత ఫోటోలకి ఇది జరుగుతుంది, అక్కడితో ఆపేయండి. ఫోటో మీది జెలటిన్ పొర చెమ్మకి మెత్తబడి అద్దాన్ని పట్టేస్తుంది. ఒక పెళ్లి ఫోటోలో పెళ్లికూతురి ముఖం సగం అద్దం మీదే ఉండిపోయిన కేసు నా దగ్గరికి వచ్చింది, ఇంట్లో ఎవరో ఆత్రంగా లాగేశారు. అలాంటప్పుడు ముందు అద్దంతో సహా స్కాన్ చేయించుకోండి, తర్వాత ఏం చేయాలన్నది కన్జర్వేటర్ చూసుకుంటారు.

మౌంటు ఎత్తినప్పుడు ఇంకో దృశ్యం కనిపించవచ్చు, దానికి మీరు సిద్ధంగా ఉండాలి. ఇన్నాళ్లూ మౌంట్ కింద దాక్కున్న అంచులో రంగు వేసినప్పటి తాజాదనంతో ఉంటుంది. కిటికీలో కనిపించే ఆకాశం లేత బూడిదరంగులో ఉండి, అంచున వేలెడు మేర నీలం, అందులో గులాబీ ఛాయ కూడా ఉంటే, మీ నాన్నగారు వేసిన అసలు ఆకాశం అదన్నమాట. నా కళ్ల ముందే ఇది చూసి ఏడ్చినవాళ్లు ఉన్నారు. గొప్ప చిత్రకారుల బొమ్మలూ దీనికి అతీతం కాదు. వాన్ గోహ్ 1888లో వేసిన పడకగది బొమ్మలో ఇప్పుడు నీలంగా కనిపించే గోడలు మొదట్లో ఊదారంగువి, అందులో కలిపిన ఎరుపు వెలిసిపోయి నీలం మిగిలింది.

వెలుతురు చేసే నష్టం ఎప్పటికప్పుడు పోగుపడుతుంది, చీకట్లో పెట్టినా తిరిగి రాదు. మ్యూజియంలలో కాగితం మీది బొమ్మలకి మామూలుగా 50 లక్స్ (వెలుతురుని కొలిచే ప్రమాణం) వెలుతురు పెడతారు. నడినెత్తి ఎండ దాదాపు లక్ష లక్స్ ఉంటుంది. రోజుకి 8 గంటలు 50 లక్స్ అంటే 400 లక్స్-గంటలు, కాబట్టి కిటికీలోంచి నేరుగా గంటసేపు ఎండ పడితే మ్యూజియంలో 250 రోజులు వేలాడదీసినంత. అల్ట్రావయలెట్ ఆపే అద్దం వేయిస్తే మంచిదే, బాగున్న రకాలు 99 శాతం దాకా ఆపుతాయి. కానీ మామూలు వెలుతురు కూడా రంగుని తింటుంది, కాబట్టి ఆ అద్దం ఉంది కదా అని కిటికీకి ఎదురుగా పెట్టేస్తే లాభం లేదు. మంచి అద్దం, చెడ్డ గోడ కంటే మామూలు అద్దం, మంచి గోడే నయం.

కొత్తగా ఏం పెట్టించాలో చెప్తాను. మౌంటుకీ వెనక బోర్డుకీ 100 శాతం కాటన్ రాగ్ బోర్డు, అది దొరకకపోతే లిగ్నిన్ పూర్తిగా తీసేసిన ఆల్ఫా సెల్యులోజ్ బోర్డు. ఒక్క యాసిడ్ ఫ్రీ అన్న ముద్ర చూసి మోసపోకండి. మామూలు చెక్క గుజ్జు బోర్డులోనే కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాయి పొడి, కలిపి ఆమ్లాన్ని విరిచేసి ఆ పేరుతో అమ్ముతారు. ఆమ్లం ఉందో లేదో పరీక్షించే పెన్నుతో గీస్తే అది కూడా ఊదారంగుకే తిరుగుతుంది, ఎందుకంటే ఈ రోజుకి దాంట్లో ఆమ్లం లేదు. కానీ లిగ్నిన్ అలాగే ఉంది, కలిపిన సున్నం ఖర్చయిపోయిన రోజు మళ్లీ మొదటికొస్తుంది. కాబట్టి అడగాల్సింది ఆ బోర్డు దేంతో తయారైందని. ఇక్కడ ఒక మినహాయింపు, సయనోటైప్ అనే నీలి ఫోటోలకీ, పట్టు, ఉన్ని గుడ్డలకీ సున్నం కలపని కాటన్ బోర్డు పెట్టాలి. మీ వాటర్‌కలర్‌కి ఆ టెన్షన్ లేదు.

పట్టీల గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే పనంతా దీని మీదే నిలబడుతుంది. జపాన్ వాళ్ల కోజో కాగితం పలచగా ఉంటుంది గానీ పోగులు పొడుగు. దాన్ని కత్తెరతో కోయను. తడి కుంచెతో ఒక గీత గీసి, ఆ గీత వెంట రెండు చేతులతో మెల్లగా లాగితే అంచున పోగులు నూగులా బయటికి వస్తాయి. ఆ నూగు వల్లే పట్టీ అంచు బొమ్మ ముందు వైపు గాటులా అచ్చుపడదు. జిగురు గోధుమ స్టార్చ్‌తో కాస్తాను. ఇంట్లో కాచే మైదా జిగురు ఇది కాదు, గ్లూటెన్ తీసేసిన స్టార్చ్ విడిగా దొరుకుతుంది. ఉడికించి, చల్లారాక జల్లెడలో రుద్ది, గరిటజారుగా వచ్చేదాకా నీళ్లు కలుపుతాను. పట్టీకి పలచగా రాసి, తడి కాస్త గుంజుకునేదాకా అర నిమిషం ఆగి, బొమ్మ వెనక పై అంచున అర సెంటీమీటరు మాత్రమే ఆనేలా పెట్టి, పైన బ్లాటింగ్ కాగితం, దాని మీద బరువు. గంట కదపను. తడి ఎక్కువైతే ముందు వైపు మరక వస్తుంది, అందుకే ఈ అర నిమిషం ఆగడంలోనే ఉంది నేర్పంతా. రెండు పట్టీలు, పైనే. బొమ్మ తీగ మీద ఆరేసిన బట్టలా కిందికి స్వేచ్ఛగా వేలాడుతుంది, తేమ పెరిగితే సాగుతుంది, తగ్గితే సర్దుకుంటుంది.

పట్టీ ఎప్పుడూ బొమ్మ కాగితం కంటే బలహీనంగా ఉండాలి. చాలామంది గట్టిగా పట్టాలని అడుగుతారు. ఫ్రేమ్ గోడ మీంచి జారి పడిందనుకోండి, ఏదో ఒకటి తెగాలి, తెగేది పట్టీ కావాలి. అది తెగితే ఇంకోటి వేసుకోవచ్చు. అసలు జిగురే వద్దనిపిస్తే నాలుగు మూలలకీ పాలియెస్టర్ తొడుగులు పెట్టి నిలబెట్టొచ్చు, చిన్న బొమ్మలకి అది చక్కటి పద్ధతి, కాకపోతే మూలలు కప్పేంత మౌంటు ఉండాలి.

ఆ గోధుమరంగు గీతని దాచే ఉపాయం చాలా తేలిక. కొత్త మౌంటు కిటికీని నాలుగు వైపులా మూడు నాలుగు మిల్లీమీటర్లు చిన్నదిగా కోయిస్తే గీత లోపలికి పోతుంది. సంతకం అంచుకి దగ్గరగా ఉందేమో ముందు కొలుచుకోండి. కిటికీని పెద్దది చేయించకండి, దాగిన తాజా రంగు బయటపడి చుట్టూ వేరే అంచు కట్టినట్టు కనిపిస్తుంది. బ్లీచింగ్‌తో మచ్చలు తీస్తామని ఎవరైనా అంటే మర్యాదగా వద్దని చెప్పండి. క్లోరిన్ బ్లీచ్ మచ్చతోపాటు కాగితం పోగుల్నీ కొరికేస్తుంది, సరిగ్గా కడిగేయకపోతే ఆ పని ఆగకుండా సాగుతూనే ఉంటుంది. వాటర్‌కలర్‌ని అంత కడగడం అనుభవం ఉన్న కన్జర్వేటర్లకే కష్టం. మచ్చలు కొన్నే ఉంటే, పొడిగా ఉంచితే, అవి అక్కడే ఆగిపోతాయి. నేనైతే వాటితో బతికేయమనే చెప్తాను.

అద్దం మాత్రం బొమ్మని తాకకూడదు. మామూలు మౌంటు మందం ఒకటిన్నర మిల్లీమీటరు, మీ బొమ్మకి అలలు ఉన్నాయి కాబట్టి రెట్టింపు మందం ఉన్నది వేయించండి. అద్దం బదులు వేసే అక్రిలిక్ షీటు తేలిక, సులువుగా పగలదు, వాటర్‌కలర్‌కి పర్వాలేదు. పాస్టెల్, బొగ్గు బొమ్మలకి మాత్రం వద్దు, దాని స్థిరవిద్యుత్తు పొడిని పైకి లాగేస్తుంది. ఫ్రేమ్ లోపలి చెక్క గాడికి అల్యూమినియం పొర ఉన్న టేపు అంటించమనండి, చెక్క కూడా ఆమ్లపు ఆవిర్లు వదులుతుంది, ఓక్ అయితే మరీ. గాడిలో బొమ్మ ప్యాకేజీ చుట్టూ రెండు మిల్లీమీటర్లు ఖాళీ ఉండాలి, బిగుతుగా కొట్టి కూర్చోబెట్టకూడదు. వెనక హార్డ్‌బోర్డు బదులు లోపల సన్నటి గొట్టాలున్న పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ షీటు, దాని అంచులకి టేపు. పురుగు లోపలికి పోకుండా ఇదే అడ్డు, సిల్వర్ ఫిష్‌కి స్టార్చ్ జిగురంటే ప్రాణం.

గోడ మీద పెట్టేటప్పుడు కింది రెండు మూలల వెనక చిన్న రబ్బరు గుండీలు అంటించండి, గోడకీ ఫ్రేమ్‌కీ మధ్య గాలి ఆడుతుంది. బయటి గోడ, స్నానాల గదికి ఆనుకున్న గోడ వద్దు. అద్దం తుడిచేటప్పుడు ద్రవాన్ని గుడ్డ మీద చల్లుకోండి, నేరుగా అద్దం మీద చల్లితే కారి కింది గాడిలోకి దిగి మౌంటుని తడుపుతుంది. మీ బొమ్మలో అలలు కిందే ఎక్కువగా ఉన్నాయన్నారు కదా, దీన్ని కూడా నేను అనుమానిస్తున్నాను.

ఖర్చు తగ్గించుకోవాలంటే బీడింగ్‌లో తగ్గించండి, అద్దం రకంలో తగ్గించండి, బోర్డులోనూ పట్టీలోనూ మాత్రం తగ్గించకండి. ఫ్రేమ్ కట్టేవాళ్లని అడగాల్సినవి మూడే:

బొమ్మని దేంతో పడతారు? తాకే బోర్డు దేంతో తయారైంది? పదేళ్ల తర్వాత విప్పితే బొమ్మ ఇప్పుడున్నట్టే బయటికి వస్తుందా?

మూడో ప్రశ్నకి తడుముకోకుండా వస్తుందని చెప్పి, ఎలాగో కూడా వివరించేవాళ్లకి ఇవ్వండి. డబుల్ సైడ్ టేపు వేస్తాం, స్ప్రే గమ్ కొడతాం అంటే వేరేచోట చూసుకోండి.

ఆయిల్ పెయింటింగ్‌కి ఈ లెక్కలు వేరు, దానికి చాలావరకు అద్దం అక్కర్లేదు, కాన్వాస్ చట్రం మూలల్లో చిన్న చెక్క చీలలు ఉంటాయి, వాటిని ఊరికే కొట్టి బిగించకూడదు, ఇక్కడ దాని జోలికి పోవడం లేదు.

మీరు విప్పాక టేపు ఎక్కడెక్కడ ఉందో, బొమ్మ వెనక కాగితం మీద ఏమైనా రాసుందో ఫోటో తీసి పెట్టండి. టేపు బొమ్మ వేసిన భాగం వెనక దాకా పాకి ఉంటే మాత్రం కొత్త మౌంటు కంటే ముందు కన్జర్వేటర్ దగ్గరికే తీసుకెళ్లాలి. అప్పటిదాకా రెండు శుభ్రమైన తెల్ల కాగితాల మధ్య పెట్టి, చదునుగా, పొడిగా ఉన్న అలమరలో ఉంచండి.